రెండు గూబలు

మొన్న ఒక పెళ్లికి వెళ్లాను. ఫంక్షన్ హాల్లో ఒక మూల మేళం, ఇంకో మూల డీజే బాక్సులు. గూబ గుయ్యిమంటోంది. ఆ హోరులో ఎవరో "బాబాయ్!" అన్నారు. గబుక్కున ఎడమవైపు తిరిగాను. కుడిపక్కన మా అన్నయ్య కూతురు పకపకా నవ్వుతోంది.

తెలుగులో గూబంటే చెవి మూలమూ, గుడ్లగూబా కూడా. వ్యుత్పత్తి సంగతి పండితులకు వదిలేశాను గానీ, నా మటుకు నాకు ఆ రెండూ ఒకే మాట. మనవాళ్లు ఆ పిట్ట గుడ్లు చూసి జడుసుకున్నారు. సంస్కృతం దివాంధమంది. చెవుల్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అవి ఈకల చాటున ఉంటాయి మరి.

పాత గోపురాల్లో, పాడుబడ్డ ఇళ్లలో కాపురముండే తెల్ల గుడ్లగూబకు చావుపిట్ట అని పేరు. దాని అమెరికా చుట్టాన్ని రోజర్ పేన్ చీకటి గదిలో పరీక్షించారు. తర్వాత తిమింగలాల పాటలతో ప్రసిద్ధుడైనది ఈయనే. ఎలుకంత కాగితపు ఉండను ఎండుటాకుల మీద లాగితే, అది సూటిగా వచ్చి ఆ ఉండనే తన్నుకుపోయింది. వాసన లేదు, వెచ్చదనం లేదు. ఆకుల గలగల చాలింది.

దాని ఎడమ చెవి రంధ్రం కుడిదానికంటే కాస్త పైన ఉండి, కిందికి వాలి ఉంటుంది. అందుకే నేల మీది చప్పుడు ఎడమ చెవికి గట్టిగా తగులుతుంది. పైదో కిందిదో అలా తెలుస్తుంది. కుడి ఎడమలు తేల్చేది కాలం. పక్కనుంచి వచ్చే చప్పుడు ఒక చెవికి చేరాక రెండోదానికి చేరడానికి పట్టేది మహా అయితే సెకనులో సుమారు నాలుగువేలవ వంతు. మెదడు అంత చిన్న తేడాను ఎలా కొలుస్తుంది? లాయిడ్ జెఫ్రెస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1948లోనే ఒక ఊహ చెప్పారు. హైదరాబాద్ నుంచి ఒక బస్సు, విజయవాడ నుంచి ఒకటి ఒకే వేగంతో వస్తున్నాయనుకోండి. సూర్యాపేట దగ్గర ఎదురుపడితే ఇంచుమించు ఒకేసారి బయల్దేరినట్టు. నందిగామలో ఎదురుపడితే హైదరాబాద్ బస్సు ముందు కదిలింది. రెండు చెవుల నుంచి సంకేతాలూ అలాగే ఎదురెదురుగా వస్తాయి, ఏ కణం దగ్గర కలిశాయన్నదే జవాబు. గూబ మెదడులో అలాంటి ఏర్పాటే దొరికింది. ఏ కణం ఏ దిక్కు చప్పుడుకు పలుకుతుందో చూసి, శాస్త్రవేత్తలు మసకజు కొనిషి, ఎరిక్ నుడ్సెన్ 1978లో ఆ మెదడులో చప్పుళ్ల పటమే ఉందని చూపించారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి. ఒకే స్థాయిలో సాగే సన్నని ఈల వినిపిస్తే ఈ మహావేటగాడు తికమకపడి లేనిచోటికి తిరుగుతాడు. ఈల అలలన్నీ ఒకేలా ఉంటాయి కనుక ఏది ఏదో పోల్చుకోవడం కుదరదు. ఆకుల గలగలలో మాత్రం ఎన్నో స్థాయిలు కలిసి ఉంటాయి, అవన్నీ ఒప్పుకునే చోటు ఒక్కటే. మనం రొద అని విసుక్కునేదే దానికి చిరునామా.

మరి నాలుగు దిక్కుల నుంచీ నాలుగు రొదలు వస్తే? నుడ్సెన్ దగ్గరా, తర్వాత జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలోనూ శ్రీష్ మైసూర్ చేసిన పని దీనిమీదే. నడిమి మెదడులో ఒక చిన్న కణాల గుంపు ఉంది. అన్నిటికంటే బలమైన చప్పుడు వచ్చిన చోటిని ఉంచి, మిగతా చోట్ల నోళ్లు నొక్కేయడమే దాని ఉద్యోగం. మా పెళ్లిలో ఆ ఉద్యోగం డీజే చేశాడు. మిగిల్చింది తన పాటనే.

భోజనాలయ్యాక పెరట్లోకి వచ్చాను. జనరేటర్ మోగిపోతోంది. విస్తళ్ల కుప్ప మీదికి ఏదో తెల్లగా, చడీచప్పుడూ లేకుండా దిగింది. "పెళ్లిలో ఇదేం దాపురించిందండీ!" అంటూ వంటాయన గరిటె ఎత్తాడు. అప్పటికే అది లేచిపోయింది. కాళ్ల సందునుంచి ఎలుక తోక వేలాడుతోంది.