ఉగాదికి ముందు సాగర్ గట్టున

కోటప్పకొండ తిరునాళ్ల అయింది. 90 అడుగులు దాటిన ప్రభలు కూడా క్షేమంగా ఊళ్లకు తిరిగొచ్చాయి, కర్రలు విప్పి వచ్చే ఏటికి దాచిపెట్టారు. ఇప్పుడు పల్నాడంతా మిరప కల్లాల మీదే ఉంది. నరసరావుపేట దాటి పిడుగురాళ్ల, గురజాల మీదుగా పోతుంటే దారి పొడవునా ఎర్రగా ఆరబోసిన కాయలు, పక్కనే టిక్కీలు తొక్కే కూలీలు. కారు అద్దం కాస్త దించితే చాలు, వెనక సీట్లో పిల్లలకు ఒకటే తుమ్ములు. శివరాత్రికీ ఉగాదికీ నడుమ ఉన్న ఈ కొద్ది రోజులే మా వైపు హాయిగా తిరగగలిగే కాలం. ఆ తర్వాత రోజూ టీవీలో రెంటచింతల పేరు వినాల్సిందే, ఇవాళ నలభై దాటింది, రేపు ఇంకా పెరుగుతుంది అని. అందుకే ఈ శని ఆదివారాలు నాగార్జునసాగర్ రైట్ బ్యాంక్‌లో గడపాలని అందరం ముందే అనుకున్నాం. గురజాల నుంచి మాస్టారు, టీచరమ్మ కుటుంబం వచ్చింది. మాచర్లలో నాపరాయి వ్యాపారం చేసే మా బావ, అక్క మాకంటే ముందే చేరి డాబా మీద నీళ్లు చల్లించి ఉంచారు.

శనివారం పొద్దున నాగార్జునకొండకు లాంచీ ఎక్కాం. రబీకి కాలవల్లోకి నీళ్లు వెళ్లాక సాగర్ తగ్గడం మొదలవుతుంది. నిండితే 590 అడుగులు. ఈ నెలకు కొండల అంచున నీళ్లు దిగిన గీతలు ఒకదాని కింద ఒకటి కనపడుతుంటాయి. ఒడ్డున అడవిలో అక్కడక్కడా మోదుగ పూసింది. గాలి చల్లగా, నీళ్లు కదలకుండా ఉన్నాయి. పిల్లలు మాత్రం కొండ ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉన్నారు.

మాస్టారు వాళ్లను రెయిలింగ్ దగ్గరికి పిలిచి, మనం ఇప్పుడు ఒక రాజధాని మీదుగా పోతున్నామని చెప్పారు. నిజమే మరి. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి ఈ నీళ్ల కిందే ఉంది. 1926లో దాని శిథిలాలు బయటపడ్డాయి. ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్లు లోయంతా తవ్వారు. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాల్లో కొన్నిటిని విప్పి కొండ మీదికి మార్చి మళ్లీ కట్టారు, కొన్నిటిని అనుపు దగ్గర నిలబెట్టారు. ఆ కొండే ఇప్పటి దీవి, నాగార్జునకొండ. ఇటుకలు పైకి చేరాయి గానీ పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్లు నీళ్ల కిందే ఉండిపోయాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతోనే మా పొలాల్లో పైరు పచ్చబడింది. మా తిండి వెనక ఎవరి ఊళ్లున్నాయో పిల్లలకు తెలియాలి. మాస్టారు చెప్పినందుకు నాకు చాలా సంతోషమనిపించింది.

సాయంత్రం అనుపు. మెట్లు మెట్లుగా ఉన్న రంగస్థలంలో పిల్లలు కింద నిలబడి చప్పట్లు కొడితే, పై మెట్ల మీద కూర్చుని మేం విన్నాం. ఎండ వాలాక అంత ప్రశాంతమైన చోటు మా జిల్లాలో ఇంకొకటి లేదు.

పల్నాడంటే రాళ్లు, తేళ్లు, జొన్నకూడు, నాగులేటి నీళ్లు అని శ్రీనాథుడు విసుక్కున్నాడని చాటువులు చెబుతాయి. ఐదారు వందల ఏళ్ల కిందటి మాట. అప్పటి మెట్ట సీమలో ఆయన చూసింది అదే అయి ఉండొచ్చు. ఆయన తప్పు పట్టినవి ముఖ్యంగా నీళ్లూ తిండీ. ఈ ప్రాంతానికి వచ్చిన చుట్టానికి ముందుగా ఆ రెండే చూపించాలని నా పట్టుదల.

ఇక రాత్రి వంట సంగతి. రైట్ బ్యాంక్‌లో పొద్దున వలలో పడిన బొచ్చె చేప, జాలరి స్వయంగా ఇంటికి తెచ్చిచ్చాడు. అక్క ముక్కలకు ఉప్పు, పసుపు, ఈ ఏటి కొత్త కారం పట్టించి పక్కన పెట్టింది. కొత్త కారం రంగే వేరు, వాసనే వేరు. ఏడాది తిరిగిన కారంతో ఆ పులుసు రాదు. మట్టి దాకలో ఉల్లిపాయ మగ్గాక చింతపండు పులుసు పోసి, అది కాగి చిక్కబడ్డాక ముక్కలు జార్చింది. పైన నాలుగు పచ్చిమామిడి చెక్కలు, దించేముందు మెంతిపొడి. సాయం చేద్దామని మాస్టారు గరిటె తీసుకున్నారు. "గరిటె పెట్టబాకండి మాస్టారూ, ముక్క చెదిరిపోద్ది" అని అక్క ఆపి, రెండు గుడ్డలతో దాకను పట్టుకుని నెమ్మదిగా తిప్పి చూపించింది. పక్క పొయ్యి మీద టీచరమ్మ జొన్నరొట్టెలు తట్టారు. గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, గడ్డపెరుగు. చేపల పులుసు రాత్రి వండి మర్నాడు తింటేనే రుచి అంటారు. మాకు మర్నాటికి మిగల్లేదు.

డాబా మీద చాపలు పరిచి అందరం వరసగా కూర్చున్నాం. చేప తెచ్చిన జాలరి, మా డ్రైవరు, పక్కింటి ముసలమ్మ కూడా మాతోనే తిన్నారు. పల్నాడు పేరెత్తగానే యుద్ధం, కోడిపందెం, నాగమ్మ, బ్రహ్మనాయుడి పంతాలు చెబుతారు జనం. 12వ శతాబ్దంలో అదే బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడని, కన్నమదాసును కొడుకుగా చేసుకున్నాడని అంత గట్టిగా చెప్పరు. కారంపూడిలో కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు. చూడనివాళ్లు ఒకసారైనా వెళ్లి, ఆ వరసలో కూర్చుని తినండి.

ఆదివారం పొద్దున ఎత్తిపోతల. సాగర్ నుంచి 11 కిలోమీటర్లు. చంద్రవంక అక్కడ 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. వాగులు సన్నబడే రోజుల్లో కుడి కాలవ నీళ్లు కాసిని వదులుతారు కాబట్టి ధార ఆగదు. కింద మొసళ్లున్నాయి, నీళ్లలోకి దిగొద్దు.

మిగతా కబుర్లు. మాచర్ల చుట్టుపక్కల తండాల్లో హోళీ సందడి మొదలైంది, రాత్రుళ్లు లేంగి పాటలు రోడ్డు దాకా వినపడుతున్నాయి. చైత్రంలో మాచర్ల చెన్నకేశవస్వామి తిరునాళ్ల. దుర్గి వైపు వెళ్తే రాతి బొమ్మలు చెక్కేవాళ్ల దగ్గర కాసేపు ఆగండి, కొనకపోయినా ఆ పని చూడాలి. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీ తిరుగుతోందో లేదో బయల్దేరేముందే ఫోన్ చేసి కనుక్కోండి.

చింతచిగురు అప్పుడే చెట్లకు పడుతోంది. ఈసారి దాంతో చేప వండుతానంది అక్క. ఉగాదికి ముందు శనివారం మళ్లీ అందరం అక్కడే. జొన్నపిండి నేను తీసుకెళ్లాలి.