గరుకు కాగితమూ కెంపూ ఒకటేనట!

వడ్రంగి తలుపు చెక్కను నున్నగా రుద్దే గరుకు కాగితం తెలుసుగా? చాలా రకాల కాగితాల మీద అంటించే ఆ గోధుమరంగు రవ్వలూ, ఉంగరంలో పొదిగే కెంపూ ఒకే పదార్థమని మీకెవరైనా చెప్పారా? నాకైతే ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. తెలిసిన దగ్గర్నుంచీ కనిపించిన ప్రతివాళ్ళనీ ఆపి చెబుతున్నాను. రెండూ అల్యూమినియం ఆక్సైడే! రెండు పాళ్ళు అల్యూమినియం, మూడు పాళ్ళు ఆక్సిజన్ పరమాణువులు, అంతే. స్ఫటికంగా దొరికితే దాన్నే కురువిందం అంటారు. గట్టిదనంలో వజ్రానికి 10 మార్కులిచ్చే మోస్ కొలమానంలో దీనికి 9.

స్వచ్ఛమైన కురువిందానికి రంగే లేదు. మరి కెంపుకి ఆ ఎరుపెక్కడిది? స్ఫటికం పెరిగేటప్పుడు వంద అల్యూమినియం పరమాణువుల్లో ఏ ఒక్కదాని చోటులోనో క్రోమియం వచ్చి కూర్చుంటుంది. ఆ కాస్తకే రాయి కెంపైపోతుంది. క్రోమియానికి బదులు ఇనుమూ టైటానియమూ జంటగా చేరితే నీలం. మనవాళ్ళు నవరత్నాల్లో కెంపుని సూర్యుడికీ, నీలాన్ని శనికీ ఇచ్చారు. పురాణాల్లో వాళ్ళు తండ్రీకొడుకులు. రాళ్ళ లెక్కలోనూ ఒక్క కుటుంబమే! గురుడికిచ్చిన కనకపుష్యరాగమూ కురువిందమే.

రాళ్ళు పొదిగే ఆయనొకరు దుకాణంలో దీపాలార్పి, కెంపు మీద అతినీలలోహిత టార్చి వేసి చూపించారు. అప్పటిదాకా బల్ల మీద మామూలుగా పడున్న రాయి ఒక్కసారిగా నిప్పుకణికలా లోపలినుంచి వెలిగింది! పైన పడిన వెలుతురు తిరిగి రావడం కాదది. కంటికి కనపడని కాంతిని క్రోమియం మింగి, ఎర్రటి కాంతిగా బయటికి వదులుతోంది. రాయిలో ఇనుము ఎక్కువుంటే ఈ వెలుగు తగ్గిపోతుంది. నేను మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాను. 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ ప్రపంచంలోనే మొట్టమొదటి లేజర్‌ని వెలిగించింది కూడా ఈ గుణంతోనే. ఆయన వాడింది ప్రయోగశాలలో తయారైన కెంపు కడ్డీ. దాని చుట్టూ చుట్టలా తిరిగిన ఫ్లాష్ దీపం. మెరుపు పడగానే కడ్డీ కొసలోంచి ఎర్రని కిరణం!

కెంపుని తయారుచేయడం అంతకు ముందే వచ్చేసింది. ఫ్రాన్సులో ఒగూస్త్ వెర్న్యుయి 1902లో తన పద్ధతిని ప్రకటించారు. అల్యూమినా పొడిలో చిటికెడు క్రోమియం ఆక్సైడు కలిపి, హైడ్రోజన్ మంటలోంచి జల్లుతారు. 2000 డిగ్రీలు దాటిన వేడికి పొడి కరిగి, కింద బొట్టు మీద బొట్టు గడ్డకట్టి, కొన్ని గంటల్లో స్ఫటికమవుతుంది. నకిలీ అనడానికి నాకు మనసొప్పదు, లోపలి పదార్థం అచ్చంగా అదే. పాత హెచ్ఎంటీ వాచీ డయల్ మీద "17 జ్యుయెల్స్" అని ఉంటుందే, ఆ జ్యుయెల్స్ ఇవే. వెనక మూత తీయించి చూడండి, చక్రాల ఇరుసులు తిరిగేచోట చిన్న చిన్న గులాబీ ఎరుపు చుక్కలు కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి తిరిగినా అరగవు.

మరి ఈ అల్యూమినా పొడి మన దగ్గర ఎక్కణ్ణుంచి వస్తుంది? తూర్పు కనుమల్లోంచి! అరకు చుట్టుపక్కల కొండల్లో ఖొండలైట్ శిలలను యుగాలపాటు వానలు కడిగి, సిలికాని తీసుకుపోగా మిగిలిందే బాక్సైట్, అల్యూమినా తీసే ముడిఖనిజం. విశాఖ మన్యంలో దాన్ని తవ్వొద్దని గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ కొండల ఊటలే వాళ్ళ తాగునీరూ సాగునీరూ అయినప్పుడు, నేను వాళ్ళ పక్షమే. అవతల ఒడిశాలో పంచపట్మాలి కొండమీద మాత్రం ప్రభుత్వ సంస్థ నాల్కో తవ్వుతోంది. దామన్‌జోడిలో తయారైన తెల్లటి అల్యూమినా పొడి కొంత రైలెక్కి విశాఖ రేవుకే వస్తుంది.

ఆ పొడిలోంచి ఆక్సిజన్‌ని విడదీసి కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 13 నుంచి 15 యూనిట్ల కరెంటు కావాలి. అంత గట్టి పట్టు! విడదీసినా ఆక్సిజన్ ఊరుకోదు, గాలి తగలగానే లోహం మీద మళ్ళీ ఆక్సైడ్ పొరై అల్లుకుంటుంది. మన అల్యూమినియం గిన్నెని కాపాడేది ఆ పొరే. పీచుతో గీరినా క్షణంలో కొత్తది వచ్చేస్తుంది. చింతపండు పులుపు మాత్రం దాన్ని కరిగిస్తుంది. అల్యూమినియం గిన్నెలో చారు కాచొద్దని అమ్మమ్మ ఎందుకనేదో ఇప్పుడు తెలిసింది.

ఖమ్మం జిల్లాలోనూ కురువిందం ఉంది. నేలలోంచి తీసిన ముడిరాయిని ఒక్కసారైనా చేత్తో పట్టుకోవాలని ఉంది. ఆ వైపు ఊళ్ళవాళ్ళు ఎవరైనా చూపిస్తామంటే, అలాంటి అతినీలలోహిత టార్చి ఒకటి పట్టుకుని రేపే బస్సెక్కుతాను.