అత్తకు అక్షరాలు దిద్దించిన కోడలు

మా కలిగిరి వైపు మెట్ట పల్లెల్లో మాఘమాసం వచ్చిందంటే గాలి నిండా ఆకును వేడికి ఆరబెట్టే పొగాకు బేరన్ల వాసనే. ఆ తీపి ఘాటు మా అవ్వ చీరకొంగులో, వేళ్ల సందుల్లో, ఆఖరికి ఆమె చేసిపెట్టే సంగటి ముద్దలో కూడా ఉండేది. పగలంతా పచ్చాకు కర్రలకు కట్టి బంక పట్టిన ఆ వేళ్లతోనే, 1991లో అక్షరాస్యత ఉద్యమం నెల్లూరు జిల్లాలో ఊరూరా తిరిగినప్పుడు, అవ్వ పలక పట్టింది.

నేర్పిందెవరనుకున్నారు? మా అమ్మే. అమ్మ చదువు అయిదో తరగతితో ఆగింది. హైస్కూలు ఏటికి అవతల ఊళ్లో, ఎదిగే పిల్లను అంత దూరం ఎవరు పంపుతారు? అవ్వకైతే ఆ అయిదూ లేవు, ఏ కాగితం మీదైనా బొటనవేలే. 1991 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో ఏడేళ్లు దాటిన ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు నూటికి 33 మందేనని పెద్దయ్యాక చదివాను. మా వీధిని తలుచుకుంటే అదీ ఎక్కువే అనిపించింది.

గొడ్లకు చొప్ప వేసి, పొయ్యి చల్లార్చి, మాపటికి అందరూ రామాలయం పంచలో లాంతరు చుట్టూ చేరేవాళ్లు. పగలు కోడలిని నోరెత్తనివ్వని అవ్వ, అక్కడ "ఇదేందే, 'ఇ'కి ఇన్ని మెలికలా!" అని గునిసేది. "మళ్లా దిద్దత్తా" అనేది అమ్మ, పగటి బాకీ తీర్చుకుంటున్నట్టు. మేం పిల్లకాయలం స్తంభాల చాటున నోళ్లు మూసుకుని నవ్వుకునేవాళ్లం.

ఆ రాత్రి బడి వాచకాల్లోనే సారా మీద పాఠం ఉండేది. మా మండలంలోనే దూబగుంటలో రోసమ్మా ఆమె తోటి ఆడవాళ్లూ సారా కొట్టు మూయించిన కబురు కూడా అలా లాంతరు చుట్టే తిరిగింది. అది ఊరూరా పాకి ఉద్యమమై, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా అమ్మకం ఆగిపోయింది.

నేను డిగ్రీ దాకా వెళ్లాను, మా అమ్మాయి ఎంటెక్ చేసింది. అయినా మా ఇంట్లో అతి పెద్ద అంగ వేసింది అవ్వే అంటాను నేను. రోజుకు రూపాయి పొదుపు సంఘాలు వచ్చాక సంతకం ఒక్కటే చాలదంది. నెలాఖరు మీటింగులో అమ్మ పుస్తకం తెరవగానే లాక్కుని, "నువ్వు చదవబాకు, నేనే చదువుకుంటా" అని ఒక్కో పద్దూ కూడబలుక్కుంటుంటే, మిగతా ఆడవాళ్లు ఆకూవక్కా నములుతూ ఓపిగ్గా కూర్చునేవాళ్లు, తమ వంతు వచ్చినప్పుడు వాళ్లూ అంతే సేపు తీసుకుంటారు కాబట్టి.