వెళ్లిపోయిన వంటలక్క

రాత్రి ఏడున్నర కల్లా వంటిల్లు సర్దేసి టీవీ ముందు చేరే ఇళ్లకు 2023 జనవరి 23 బరువైన రోజు. 2017లో స్టార్‌ మాలో మొదలైన ‘కార్తీకదీపం’ ఆ రోజే ముగిసింది. నల్లగా ఉందని మాటలు పడినా, కట్టుకున్నవాడు అనుమానించి దూరం పెట్టినా దీప ఎవరి ముందూ చేయి చాచలేదు. నలుగురికీ వండిపెట్టి కూతుర్ని పెంచుకుంది. అందుకే మలయాళ నటి ప్రేమీ విశ్వనాథ్‌ తెలుగువారికి ‘వంటలక్క’ అయిపోయింది.

2022లో దీప చనిపోయినట్టు చూపించినా, కొన్ని నెలలకే మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి ఆ ఆశ లేదు. 2024లో రెండో భాగం వచ్చింది... అదే నటి, అదే పేరు, కథ మాత్రం వేరు. పెళ్లిచూపుల్లో ‘రంగు తక్కువ’ అనిపించుకున్న ఆడపిల్లలు తమ మనిషి అనుకున్నది మాత్రం ఆ మొదటి దీపనే!