అరకు దారిలో ఆయాసము

కార్తికమాసమున అరకులోయ వలిసెపూలతో పసుపు పూసినట్లుండునని వినని సోదరి మనలో నుండదు. మేమును ఆ పూలను చూడవలెనని ఎన్నియో యేండ్లుగా అనుకొనుచుంటిమి. కాని మొన్నటి కార్తికమున మేము బయలుదేరినది పూల కొరకు కాదు. మా చెల్లెలి కుమార్తెకు అరకులో నొక పాఠశాలలో ఉపాధ్యాయినిగా ఉద్యోగమైనది. ఆ దినము సాయంకాలము 5 గంటలలోపల చేరనిచో ఆ చోటు మరియొకరి కిత్తురని ఉత్తరువులో స్పష్టముగా నుండెను. సామాను హెచ్చుగా నుండుటచే రైలు మాని, మా అమ్మగారు, మేము, చెల్లెలు, పిల్ల, నలుగురము మా పాత పెట్రోలు కారులో తెల్లవారుజామున విశాఖపట్టణము విడిచితిమి. నడుపునది చెల్లెలు.

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటువరకు దారి చదునే. కారు చక్కగా నడచెను. బొడ్డవర దాటి కొండయెక్క నారంభించిన పిమ్మట దాని గుణము మారెను. ఆక్సిలరేటరు నొక్కినచో ఒక క్షణ మాలోచించినట్లు ఆగి, ఒక కుదుపు కుదిపి, తరువాత నీరసముగా లాగుచుండెను. రెండవ గేరు, మొదటి గేరు, అయినను ఆయాసమే. వెనుక లారీలు హారను మ్రోగించుచుండెను. ఒక మలుపున బండి నిలిచిపోవునట్లుండగా పక్కకు తీసి, చక్రము వెనుక రాయి పెట్టితిమి. పావుగంట తరువాత మరల బయలుదేరగా కొంతదూరము బాగుగనే పోయి, మరల మొదటి తీరునకే వచ్చెను.

చెల్లెలి కన్నుల నీరు తిరిగెను. ఈ జబ్బు పది దినములనుండి కొద్దికొద్దిగా కనిపించుచునే యున్నది. ఇంటిలోని మగవారు, “ఆడవాళ్లు నడిపితే క్లచ్చు మిగలదు” అని తేల్చివేసిరి. ఒక మరమ్మతుశాలవారు స్పార్కుప్లగ్గులు మార్చిరి; గుణము లేదు. ఇక పెట్రోలు పంపు మార్చవలెనని వేలలో లెక్క చెప్పిరి. అమ్మగారు మాత్రము, “ఏడవకమ్మా, జ్వరం వచ్చిన పిల్లను తిడితే తగ్గుతుందా? కిందికి దిగి ఎవరికైనా చూపిద్దాం” అనిరి. వెనుకకు మరలితిమి. దిగునపుడు కారున కే బాధయు లేదు.

శృంగవరపుకోటలో రోడ్డు ప్రక్కన నొక రేకులపాకలో పెద్దవయసు మెకానిక్కు కనిపించెను. ఆయన వచ్చిన వెంటనే బానెట్టు తెరవలేదు. “ఎప్పుడు ఇలా అవుతోందమ్మా?” అని మొదట నడిగెను. చల్లగా నున్నపుడా, వేడెక్కిన పిమ్మటనా? చదునులోనా, ఎత్తులోనా? ఊరక నిలిచియున్నపుడు వణకునా? ఆగి బయలుదేరిన పిమ్మట బాగుండునా? ఇంటిలో బిడ్డకు జబ్బు చేసినపుడు వైద్యుడు మన నడుగు ప్రశ్నలే యివి. చెల్లెలు ఒక్కొక్కదానికి తడబడక జవాబు చెప్పెను.

ఆయన వివరించిన వైనము సోదరీమణులు తెలిసికొనదగినది. ఇంజనుకు గాలి, పెట్రోలు, నిప్పురవ్వ మూడును కావలెను. కాలిన పొగ బయటికి పోవలెను. ఇంజను మోత హెచ్చి వేగము హెచ్చకున్న క్లచ్చు జారుచున్నదని అర్థము. మాది మోతయే హెచ్చుట లేదు గనుక దోషము క్లచ్చుది కాదు. నిప్పురవ్వ తప్పుచున్నచో నిలిచియున్నపుడును ఇంజను తరచుగా వణకును. మాది వణకుట లేదు. చక్రముల యొద్ద చేయి పెట్టి చూచెను. బ్రేకులు పట్టుకొని వేడెక్కలేదు. పొగగొట్టము వెనుక గాలి బలముగనే వచ్చుచుండెను. గాలివడపోత దుమ్ము పట్టియున్నను మూసికొనిపోలేదు, దులిపి పెట్టెను.

మిగిలినది పెట్రోలు. చదునులో కొద్దిపాటి పెట్రోలుతో బండి నడచును. ఎత్తున నిండుబరువుతో లాగునపుడు హెచ్చుగా కావలెను. దారి యిరుకైనచో అప్పుడే కొరత తెలియును. ఆగినపుడు కొంత తెరపి దొరకి మరల కొంతసేపు నడచును. ఈ గుణము పంపుదైన కావచ్చును, పెట్రోలు వడపోతదైన కావచ్చును. “తక్కువ ఖరీదుది, ఎక్కువ కాలం మార్చనిది ముందు చూడాలమ్మా” అని ఆయన పంపు ఫ్యూజు తీసి, ఇంజను తనంతట ఆగువరకు నడిపి, పైపులోని ఒత్తిడి తగ్గిన తరువాతనే వడపోతను ఊడదీసెను. అట్లు చేయనిచో పెట్రోలు చిమ్మి నిప్పంటుకొను ప్రమాదము గలదు. ఇది ఇంటిలో చేయదగిన పని కాదు.

పాత వడపోతనుండి గిన్నెలోనికి వంచగా వచ్చినది పెట్రోలో, కాటుకనీరో తెలియలేదు. క్రొత్తది బిగించి, ఒత్తిడి కొలుచు గేజి పెట్టి చూచెను. ముల్లు కదలక నిలిచెను. పంపు బాగున్నది. ఖర్చు వందలలోనే తేలిపోయెను. టాంకు అడుగంటువరకు నడపవద్దనియు, టాంకులోని పంపు పెట్రోలులో మునిగియుండి చల్లబడుననియు ఆయన చెప్పెను. మా యింటి అలవాటు ఆయనకెట్లు తెలిసెనో!

అప్పటికి పదకొండు దాటెను. మరల కొండ యెక్కితిమి. ఈసారి చెల్లెలు కాలు మోపగనే కారు లాగెను. అనంతగిరి యొద్ద వెండి ఓకుచెట్ల నీడన కాఫీతోటలు, ఆ చెట్ల బోదెలకు ప్రాకిన మిరియపు తీగెలు కనులార చూచితిమి. ఇచ్చటి అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. గాలికొండ యొద్ద చలిగాలి ముఖమునకు తగిలెను. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనై, వేయి మీటర్లకు ఇంచుమించు పదవవంతు బలము ఇట్టి ఇంజనుకు సహజముగనే తగ్గును. ఆ కొద్దిపాటి తగ్గుదలను జబ్బనుకొని భయపడరాదని మెకానిక్కు ముందే చెప్పియుండెను.

సుంకరమెట్ట దాటగనే లోయ తెరచుకొనెను. మెట్టపొలములనిండ వలిసెపూలు. పిల్ల, “పెద్దమ్మా, ఆగుదామా?” అని అడిగెను. “ముందు సంతకం, తరువాత పూలు” అని చెల్లెలు కారు ఆపక నడిపెను. రెండున్నర గంటలకు పిల్ల పాఠశాల పుస్తకమున సంతకము చేసెను. సాయంకాలము నలుగురమును పూలలో నిలిచితిమి.

ఇంటికి వచ్చిన పిమ్మట అమ్మగారు ఆ నల్లని వడపోతను కాగితములో చుట్టి తెచ్చి, మగవారి కాఫీగ్లాసుల ప్రక్కన పెట్టిరి. క్లచ్చు మాట మరల ఎవరును ఎత్తలేదు.