తెల్ల కారు మీద తారు చుక్కలు

కొత్త రోడ్డు వేసేటప్పుడు పాత పొరకూ కొత్త పొరకూ అతుకు కుదరడానికి ముందుగా పల్చని తారును చిమ్ముతారు. అది ఆరకముందే దాని మీదుగా వెళ్ళిన వాహనానికి నల్ల చుక్కలు తప్పవు. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లోనైతే పాత రోడ్డు కూడా అక్కడక్కడ మెత్తబడి టైర్లకు అంటుకుంటుంది.

మా చిత్తూరు నుంచి వైద్యం కోసం వేలూరుకు వెళ్ళివచ్చే కుటుంబాలు ఎన్నో. మొన్న వేసవిలో అమ్మీని చూపించుకు రావడానికి పొరుగింటి పెద్దాయన తన తెల్ల కారు ఇచ్చారు. తాళాలు చేతిలో పెడుతూ ఒక్క షరతు కూడా చెప్పలేదు. నాకు అదే ఎక్కువ భారమనిపించింది. తిరుగు ప్రయాణంలో కొంతదూరం తారు వేస్తున్న దారిలో రావలసివచ్చింది. ఇంటికి చేరి చూస్తే చక్రాల వెనుక, తలుపుల కింది అంచున నువ్వులు చల్లినట్టు చుక్కలు!

మా చిన్నాన్న కొడుకు బ్లేడు తెస్తానన్నాడు. వద్దన్నాను. కారు మీది రంగు పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 120 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదోవంతు. మెరుపునిచ్చే పారదర్శక పొర అందులో సగమైనా ఉండదు. బ్లేడుకు అదెంత?

తారు ముడిచమురు శుద్ధిలో చివరికి మిగిలే పదార్థం. అందుకే నీళ్ళకూ సబ్బుకూ లొంగదు, తన జాతి ద్రవాలకే కరుగుతుంది. కిరోసిన్, టర్పెంటైన్, దుకాణాల్లో దొరికే టార్ రిమూవర్ పనిచేస్తాయి. పెట్రోలు జోలికి మాత్రం పోవద్దు, నిప్పుతో చెలగాటం అది. మా ఇంట్లో వేరుశనగ నూనె ఉంది. నెమ్మదిగానైనా అదీ తారును మెత్తబరుస్తుంది. బండిని నీడలో చల్లారనిచ్చి, ముందుగా నీళ్ళతో దుమ్ము కడిగేశాం. నూనెలో తడిపిన మెత్తటి గుడ్డను చుక్కల మీద కొన్ని నిమిషాలు ఆనించి ఉంచి, ఒత్తకుండా తుడిచాం. తారులో సన్నని ఇసుక ఉంటుంది గనుక ప్రతిసారీ గుడ్డ మడత మార్చాలి. లేకుంటే మరక పోయి గీతలు మిగులుతాయి. మొండి చుక్కలకు కొద్దిగా కిరోసిన్ వాడి, ఆ చోటంతా కారు షాంపూతో కడిగాం. కిరోసిన్ గుడ్డలను పొయ్యికీ పిల్లలకూ దూరంగా ఉంచాలని తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

తాళాలు తిరిగి ఇచ్చేటప్పుడు తుడిచిన చోటు చూపించాను. “కనబడని దాన్ని ఎందుకు చూపిస్తున్నావు బేటా?” అన్నారాయన. కారణం ఉంది. ఈ ద్రవాలు తారుతో పాటు రంగు మీది మైనాన్నీ తీసేస్తాయి. మళ్ళీ పూయకపోతే ఆ చోటు ఎండకూ పక్షి రెట్టలకూ నేరుగా గురవుతుంది. అమానతుగా వచ్చిన వస్తువు కదా, ఆయనకు తెలియాలి.

వేలకు వేలు పోసి వేయించే పూతలు అందరికీ అవసరమని నేననుకోను. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం డబ్బా ఒకటి కొంటే చాలాకాలం వస్తుంది. కడిగి ఆరిన బండికి నీడలో పల్చగా రాసి, పొడిబారాక మెత్తటి గుడ్డతో తుడిచేయాలి. మన ఎండకు అది రెండు మూడు నెలలకు మించి నిలవడం కష్టం. బట్టలుతికే పొడితో కడిగితే ఇంకా త్వరగా పోతుంది. కొత్తగా మైనం ఉన్న బండి మీద తారు పడినా, అదే రోజు తుడిస్తే చాలావరకు నూనెతోనే వచ్చేస్తుంది.