పసుపు అంటిన చేతులు

మాది పాడేరు కొండల వైపు. పసుపు తవ్వే రోజుల్లో మా ఊళ్ళో అందరి చేతులూ పచ్చగానే ఉండేవి. మా నోటుపుస్తకాల మీద కూడా పచ్చటి వేలిముద్రలు పడేవి. చేతులు కడుక్కుని రమ్మని బడిలో బయటికి పంపేవారు. మేము సిగ్గుపడేవాళ్ళం.

ఆ పచ్చటి చేతులకు ఎంత తెలుసో అప్పుడు మాకు తెలియదు. పాత విత్తనాన్ని నాటితే రెండో ఏడు గాని తవ్వేవారు కాదు. దుంపలు ఉడికించేటప్పుడు మా అమ్మమ్మలు గడియారం చూసేవారు కాదు. నురగ పొంగి, వాసన మారి, పుల్ల గుచ్చితే సులువుగా దిగితే దించేసేవారు. ఎండిన కొమ్మును విరిచి వినేవారు. ఠంగుమంటేనే సంతకు. ఐదు కిలోల పచ్చి దుంప ఎండితే మిగిలేది దాదాపు కిలో. మా కాలు తెగితే ఆ కొమ్మునే అరగదీసి గాయానికి పట్టించేవారు.

1995లో ఆ గాయం మందుకే అమెరికాలో పేటెంటు ఇచ్చారు. పసుపుతో గాయం మాన్పడం తమ కొత్త ఆవిష్కరణ అని అక్కడి పరిశోధకులు చెప్పుకున్నారు. మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ దాన్ని సవాలు చేసింది. పాత సంస్కృత, ఉర్దూ గ్రంథాలను, 1953లో అచ్చయిన ఒక వైద్య వ్యాసాన్ని రుజువులుగా చూపింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

ఇది మనందరం గెలిచిన కథ. బడిలో చెప్పుకోవాల్సిన కథ. కానీ ఒక్క సంగతి మాకు ముల్లులా గుచ్చుకుంటుంది. అక్కడ గెలిపించింది కాగితం మీద ఉన్న మాట. మా అమ్మమ్మల మాట ఏ కాగితం మీదా లేదు. రేపు మన కొండల్లోని మరో దుంపను, మరో ఆకును ఎవరైనా తమదంటే మనం ఏం చూపిస్తాం?

పాత విత్తనం తగ్గిపోతోంది. దాన్ని ఎరిగిన పెద్దలూ తగ్గిపోతున్నారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని అడగండి. ఏ దుంప ఎప్పుడు తవ్వాలో, ఎలా వండాలో, దేనికి వాడాలో వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. మన భాషలోని పేరు ముందు రాయండి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పకుండా వేయండి.

టీచర్లకు ఒక మనవి. ఆ నోటుపుస్తకం మీద పసుపు మరకలు కనబడితే పిల్లల్ని బయటికి పంపకండి. ముందు అందులో ఏం రాశారో చదవండి.